మాట కలిపే మనిషి పోయాక

2018 నాటికి నేను పాలమూరులో ఒక పోలీసు ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి తొమ్మిదేళ్లు. పోలీసు ఆఫీసు అనగానే ఖాకీ అనుకుంటారు. నాది చీర, చెప్పులు, భుజాన టిఫిన్ డబ్బా ఉన్న సంచి. మా ఆయన కానిస్టేబుల్‌గా చేస్తూ జబ్బుచేసి పోయాడు. కారుణ్య నియామకం కింద ఆ ఉద్యోగం నాకు ఇచ్చారు. మా పుట్టిల్లు నల్లగొండ పక్కన పానగల్. పెళ్లయి ఇటు వచ్చాను, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయాను.

నేను చూసే సీటును ఫారినర్స్ సెక్షన్ అంటారు. ఈ మాట చెబితే మా బంధువులు నవ్వేవారు. పాలమూరు నుంచి జనం బయటికి పోతారు గానీ, బయటి దేశం వాళ్లు పాలమూరుకు ఎందుకొస్తారని. నిజమే, నా రిజిస్టర్ పలచటిది. ఏ కంపెనీకో మిషన్లు బిగించడానికి వచ్చిన టెక్నీషియన్లు, ఒకరిద్దరు విద్యార్థులు, మనవాళ్లను పెళ్లి చేసుకుని వచ్చిన కొద్దిమంది ఆడవాళ్లు. బయటి దేశం మనిషి ఎవరింట్లో దిగినా ఆ ఇంటివాళ్లు సి-ఫారం నింపి పంపాలి, అంటే ఫలానా మనిషి మా ఇంట్లో ఉన్నాడని తెలపాలి. ఎక్కువ రోజులు ఉండేవాళ్లు మా దగ్గర పేరు నమోదు చేయించుకుని ఆర్‌పీ, అంటే నివాస అనుమతి కాగితం, తీసుకోవాలి. గడువు దాటేలోపు ఎక్స్‌టెన్షన్‌కు దరఖాస్తు పెట్టాలి. ఈ కాగితాలు సరిచూసి, ఫైలు కట్టి, పై సారు బల్ల మీద పెట్టడం నా పని.

శ్రియాని ఫైలు అలాంటిదే. ఆమెది శ్రీలంక. సింహళం తప్ప ఇంట్లో ఇంకో భాష ఎరగని కుటుంబం. కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేసేది. అదే ఇంట్లో డ్రైవర్‌గా ఉన్న ఆంజనేయులు మన కోస్గి దగ్గరి ఊరివాడు. ఇద్దరూ ఇష్టపడ్డారు, ఆమె దేశానికి వెళ్లి రిజిస్టర్ పెళ్లి చేసుకున్నారు, 2015లో ఇద్దరూ కలిసి అతని ఊరికి వచ్చేశారు. భారతీయుణ్ణి పెళ్లాడిన వాళ్లకు ఇచ్చే ఎంట్రీ వీసా ఆమెది. భర్త ఉన్నాడు కాబట్టి ఇచ్చిన వీసా అన్నమాట.

ఏటా ఒకసారి ఇద్దరూ నా దగ్గరికి వచ్చేవారు. ఆంజనేయులు జీపు నడిపేవాడు, మాటకారి. "నమస్తే మేడం, మల్ల వచ్చినం" అంటూ కుర్చీ లాక్కునేవాడు. నేనేది అడిగినా అతనే చెప్పేవాడు. ఆమె పక్కన కూర్చుని అతని మొహం చూసేది. వాళ్లిద్దరూ కువైట్‌లో నేర్చుకున్న హిందీలో, నడుమ అరబ్బీ మాటలు కలుపుకుని మాట్లాడుకునేవారు. ఆ హిందీ నాకు సగం కూడా అందేది కాదు, నా హిందీ ఆమెకు అందేది కాదు. ఎక్కడ సంతకం చేయాలో అక్కడ నేను పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టేదాన్ని, ఆమె ఆ గుర్తు పక్కన సంతకం చేసేది. చూడటానికి మన మనిషిలాగే ఉండేది. నలుపు చాయ, పెద్ద జడ, నూలు చీర. వరండాలో కూర్చుంటే అటుగా పోయేవాళ్లు ఆమెను టైమెంతయిందని అడిగేవారు. ఆమె చిన్నగా నవ్వి ఊరుకునేది. పొగరనుకుని వాళ్లు వెళ్లిపోయేవారు.

మూడేళ్లలో ఆమె గొంతు నేను నాలుగైదుసార్లకంటే ఎక్కువ విని ఉండను.

2018 జూన్ చివర ఆమె ఒక్కతే వచ్చింది. చంకలో రెండేళ్ల కూతురు నందిని, చేతిలో ప్లాస్టిక్ కవరు. వీసా గడువు ఇంకా నెల కూడా లేదు. నేను అలవాటుగా ఆమె వెనక్కి, తలుపు వైపు చూసి, ఆంజనేయులు ఏడని అడిగాను. ఆమె కవరులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. మరణ ధ్రువీకరణ పత్రం. ఫిబ్రవరిలో పోయాడు. వయసు ముప్పై ఎనిమిది.

"ఆయన లేడు మేడం," అంది తెలుగులో.

ఏం జరిగిందని అడిగాను. ఆమె చేత్తో ఛాతీ చూపించింది, తర్వాత ఆ చేతిని గాల్లో అలాగే ఉంచేసింది. మొగుడు పోయిన మనిషినే నేనూ. ఓదార్చడం చేతకానిదాన్ని కాదు. కానీ నాకొచ్చిన ఓదార్పు మాటలన్నీ తెలుగులో ఉన్నాయి.

ఆమె వెళ్లాక మా సారుతో మాట్లాడాను. ఆయన చెప్పింది న్యాయమే. వీసా భర్తను చూసి ఇచ్చారు. భర్త లేనప్పుడు ఎక్స్‌టెన్షన్‌కు మనం సొంతంగా సరేననలేం, పైకి రాయాలి. రాయాలంటే ఇక్కడ ఆమెకు ఆధారం ఉందని చూపించాలి. అంటే ఎవరో ఒకరు అండర్‌టేకింగ్ ఇవ్వాలి. ఈమె మా ఇంట్లో ఉంటుంది, తిండీ బట్టా మేం చూసుకుంటాం, రేపు ఏదైనా అయితే జవాబుదారీ మాదే అని రాసిచ్చే పూచీకత్తు అది. ఇన్నేళ్లూ దాని మీద ఆంజనేయులు సంతకం ఉండేది.

ఊళ్లో ఎంక్వయిరీకి మా కానిస్టేబుల్ వెళ్లొచ్చాడు. ఊరివాళ్లు ఆమె మీద చెడు మాట ఒక్కటీ చెప్పలేదట. మంచి పిల్లే అన్నారట. కానీ పోలీసుల కాగితం మీద సంతకం అనేసరికి ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారట. ఆంజనేయులు చెల్లెలి భర్త అయితే, బయటి దేశపు మనిషికి పూచీ పడి రేపు నేనెక్కడ తిరగాలని తేల్చి చెప్పాడట. పూచీ ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాలేదని రిపోర్టు వచ్చింది.

పది రోజులకు శ్రియాని మళ్లీ వచ్చినప్పుడు నేను ఆ సంగతి హిందీ, తెలుగు కలిపి, చేతులు ఊపి చెప్పాను. ఎవరూ రాసివ్వకపోతే మిగిలిన దారి ఎగ్జిట్ పర్మిట్ అని చెప్పాను. గడువు విషయంలో చిక్కు లేకుండా దేశం దాటి వెళ్లడానికి ఇచ్చే అనుమతి అది. గడువు దాటిపోయాక ఉంటే ఓవర్‌స్టే అవుతుంది, అది కేసుల దాకా పోతుంది. అంతకంటే ముందే దరఖాస్తు తీసిపెట్టుకుంటే ఆమెకే మంచిదనుకున్నాను. ఆమె తలూపింది. నేను ఫారం నింపి, అలవాటు ప్రకారం పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టాను. ఆమె అలవాటు ప్రకారం సంతకం చేసింది.

ఫైలు మూయబోతూ, పాపకు పాస్‌పోర్టు ఉందా అని అడిగాను. ఆమెకు అర్థం కాలేదు. నేను ఆమె పాస్‌పోర్టు పైకెత్తి చూపించి, తర్వాత పాపను చూపించి, లేదా అన్నట్టు చెయ్యి ఊపాను. నందిని ఇక్కడ పుట్టిన పిల్ల, భారత పౌరురాలు. పాస్‌పోర్టు లేకుండా తల్లితో వెళ్లడం కుదరదు. నేను చెప్పాలనుకున్నది అంతే.

శ్రియాని లేచి పాపను ఎత్తుకుంది. రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకుంది. పాప తలను తన మెడలోకి అదిమి పట్టుకుని నా వైపు చూసింది. ఆ చూపు నేను అంతకుముందు స్టేషన్లలో చూశాను, నా బల్ల ముందు ఎప్పుడూ చూడలేదు. పిల్లను లాక్కుంటారని భయపడే తల్లి చూపు అది.

"నేను పోవాల్నా?" అని అడిగింది.

అప్పుడు తెలిసింది నాకు, ఆ ఫారంలో ఏముందో ఆమెకు తెలియదని. బహుశా మూడేళ్లుగా ఏ ఫారంలో ఏముందో తెలియదు. నేను గుర్తు పెట్టేదాన్ని, ఆమె సంతకం చేసేది. నడుమ ఆంజనేయులు ఉండేవాడు కాబట్టి అన్నీ తెలిసే చేస్తోందని నేను అనుకున్నాను. ఆ ఫారం సారు దగ్గరికి పంపకుండా సొరుగులో పెట్టాను. ఆమెను ఇంటికి వెళ్లమన్నాను.

ఆమెతో ఆమె భాషలో మాట్లాడే మనిషి కావాలి. పాలమూరులో సింహళం తెలిసినవాళ్లు ఎవరుంటారు? రెండు రోజులు అదే ఆలోచన. అప్పుడు పాత రిజిస్టర్ గుర్తొచ్చింది. జిల్లాలు విడిపోకముందు షాద్‌నగర్ మా కిందే ఉండేది. విడిపోయాక ఆ ఫైళ్లు అటు వెళ్లిపోయాయి గానీ రిజిస్టర్ మా బీరువాలోనే ఉంది. దానిలో వెతికితే ఒక శ్రీలంక దంపతుల వివరాలు దొరికాయి. భర్త షాద్‌నగర్ దగ్గర ఒక బట్టల కంపెనీలో కుట్టుమిషన్ల టెక్నీషియన్. భార్య పేరు చంద్రిక.

మా రిజిస్టర్లో ఉన్న ఒకరి వివరాలు ఇంకొకరికి ఇవ్వకూడదు. అందుకని ముందు సారుకు చెప్పి, చంద్రికకు నేనే ఫోన్ చేసి, ఇట్లా ఒకామె ఉంది, మీకు ఇష్టమైతే మాట్లాడతారా అని హిందీలో అడిగాను. ఆమె, "ఎప్పుడు రావాలి?" అని మాత్రం అడిగింది.

శనివారం చంద్రిక బస్సు దిగి వచ్చింది. యాభై ఏళ్ల లావుపాటి మనిషి, కళ్లజోడు, చేతిలో స్టీలు డబ్బా. అప్పటికే శ్రియాని పాపతో వరండా బెంచీ మీద ఉంది. చంద్రిక దగ్గరికి వెళ్లి ఏదో ఒక చిన్న మాట అంది. శ్రియాని తలెత్తింది. నోరు కొంచెం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. చంద్రిక పక్కన కూర్చుని మళ్లీ ఏదో అడిగింది. అప్పుడు మొదలుపెట్టింది శ్రియాని.

నా సీటు కిటికీ పక్కనే. రెండు గంటలసేపు నా చెవిన ఆ మాటలు పడుతూనే ఉన్నాయి. నాకు అర్థమైన మాట ఒక్కటే, అక్క. వాళ్ల భాషలో కూడా అక్కను అక్క అనే అంటారట. తక్కినదంతా నాకు చప్పుడే. కానీ ఆ మనిషి నేనెరిగిన శ్రియాని కాదు. గబగబా మాట్లాడుతోంది, చేతులు తిప్పుతోంది, ఒకచోట ఎవరినో అనుకరించి చూపించి నవ్వింది కూడా. ఇంత మాటకారి మనిషిని నేను మూడేళ్లపాటు మూగదానిలా చూశాను. తర్వాత ఏడ్చింది. చంద్రిక డబ్బా మూత తీసింది. చేపల కూర, అన్నం. శ్రియాని ఏడుస్తూనే తింది. పాపకు ముళ్లు తీసి పెట్టింది.

సాయంత్రం బస్సుకు ముందు చంద్రిక నా బల్ల దగ్గరికి వచ్చింది. శ్రియాని చెప్పిందంతా నాకు హిందీలో చెప్పింది.

ఐదు నెలలు కావస్తున్నా భర్త ఎట్లా పోయాడో శ్రియానికి తెలియదట. ఆ రోజు మధ్యాహ్నం ఇంటి ముందు కేకలు వినబడి బయటికి వచ్చిందట. నలుగురు కలిసి అతన్ని జీపులో పడుకోబెడుతున్నారు. ఆమె పరుగున వెళ్లి ఎక్కబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టి ఛాతీ మీద తోసి ఆపిందట. ఆమె నా ముందు ఛాతీ చూపించింది ఆ సంగతి చెప్పడానికేనట. జీపు వెళ్లిపోయింది. సాయంత్రానికి శవం వచ్చింది. నడుమ ఏం జరిగింది, ఏ దవాఖానకు తీసుకుపోయారు, డాక్టరు ఏమన్నాడు, ఎవరూ ఆమెకు చెప్పలేదు. చెప్పేవాళ్లు తెలుగులో చెప్పే ఉంటారు. పదో రోజు ఆడవాళ్లు చుట్టూ చేరి చేతి గాజులు పగలగొట్టి బొట్టు చెరిపేస్తుంటే, అది తనకు వేస్తున్న శిక్ష అనుకుందట. తన వల్లే అతను పోయాడని ఇంట్లోవాళ్లు అనుకుంటున్నారని, అందుకే ఆ రోజు అత్త జీపు ఎక్కనివ్వలేదని ఆమె నమ్మకం. అప్పటి నుంచి అత్తాకోడళ్లు ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. కూతురితో కూడా సింహళంలో మాట్లాడటం మానేసింది. ఊళ్లోవాళ్లు విని ఏమనుకుంటారోనని.

మా ఆయన పోయినప్పుడు నాకూ పదో రోజు చేశారు. కాని అప్పుడు ఏం జరుగుతోందో నాకు తెలుసు. చేసేవాళ్లు నా చెవిలో మెల్లగా చెబుతూ చేశారు. మా చిన్నమ్మ నా తల ఒళ్లో పెట్టుకుంది. అదే పని ఒక్క మాట కూడా తెలియని మనుషుల నడుమ జరిగితే ఎట్లా ఉంటుందో ఆ రోజు దాకా నేను ఊహించలేదు.

"ఉంటానంటోందా, పోతానంటోందా?" అని చంద్రికను అడిగాను.

ఆ ప్రశ్న దాకా ఆమె ఇంకా రాలేదని, ముందు ఆ జీపులో ఏం జరిగిందో తెలియాలంటోందని చంద్రిక చెప్పింది.

మరుసటి ఆదివారం చంద్రికా నేనూ కోస్గి బస్సెక్కాం. ఇది నా డ్యూటీలోది కాదు. సారుకు ముందే చెప్పాను. కాగితం మీద ఏమీ రాయకు, చూసి రా అన్నాడు.

ఆంజనేయులు తల్లి బాలమ్మ వాకిట్లో కూర్చుని చాటలో కంది విత్తనాలు ఏరుతోంది. బక్క మనిషి, అరవై దాటి ఉంటాయి. ఇంట్లో శ్రియాని మమ్మల్ని చూసి గడపలోనే నిలబడింది. బాలమ్మ మాకు మంచం వాల్చి, నీళ్లిచ్చి, మళ్లీ చాట ముందు కూర్చుంది. పోలీసు ఆఫీసు నుంచి వచ్చానని చెప్పగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

"నా కోడల్ని తీస్కపోనీకి వచ్చిన్రా?" అని అడిగింది.

కాదన్నాను. శ్రియానిని పిలిచి మంచం మీద కూర్చోబెట్టాను. చంద్రిక నడుమ కూర్చుంది. నేను బాలమ్మతో, "అవ్వా, ఆంజనేయులు పోయిన దినం ఏమైందో నీ కోడలికి తెల్వదంట. నువ్వు చెప్పు. నేను హిందీల చెప్త, గీ అమ్మ వాళ్ల భాషల చెప్తది" అన్నాను.

బాలమ్మ నా మొహం చూసింది, కోడలి మొహం చూసింది. "తెల్వదా?" అంది. "ఇంట్లనే ఉంది గదా. తెల్వకపోవుడేంది?"

అంతలో ఆమెకే అర్థమైనట్టుంది. చాట పక్కన పెట్టింది. తర్వాత ఆమె చెప్పిన ఒక్కో మాట నేను హిందీలోకి, చంద్రిక సింహళంలోకి మార్చాం. ఆ మాట తిరిగి తిరిగి శ్రియానికి చేరేటప్పటికి కొంతసేపు పట్టేది. అంతదాకా బాలమ్మ కోడలి మొహం చూస్తూ ఆగేది.

చేను నుంచి వచ్చి గుండెల్లో మంట అన్నాడట. మజ్జిగ తాగాడట. ఇంతలో చెమటలు పట్టి కింద కూలబడ్డాడట. పక్కింటివాళ్లు వచ్చి అతని జీపులోనే పడుకోబెట్టారు. కోస్గి దవాఖానలో చూసి పాలమూరు తీసుకుపొమ్మన్నారు. సగం దారి కూడా పోలేదు.

"జీపుల నా ఒళ్లెనే ఉండె," అంది బాలమ్మ. "సిరి ఏది, సిరి ఏది అని రెండుసార్లు అడిగిండు. వస్తది తియ్యి బిడ్డా అన్న. గంతే. మల్ల మాట్లాడలే."

ఆంజనేయులు శ్రియానిని సిరి అనే పిలిచేవాడు. ఇది శ్రియానికి చేరింది. ఆమె చంద్రికను ఏదో అడిగింది. చంద్రిక నాకు చెప్పింది. మరి నన్నెందుకు ఎక్కనివ్వలేదని అడుగుతోంది.

నేను ఆ ప్రశ్న బాలమ్మను అడగలేక అడిగాను. బాలమ్మ తన కుడిచెయ్యి చూసుకుంది.

"పొల్ల లోపట పండుకొని ఉండె. దాని కాడ ఎవ్వరుంటరు? నువ్వుండు, గిప్పుడే వస్తం అని చెప్పనీకి నాకు భాష రాకపాయె. చెయ్యితోటి ఆపిన. తొందరల గట్టిగ తాకినట్టున్నది." అంది. "వస్తదని వానికి చెప్పిన. నేనే రాకుండ చేసిన. ఆ ముచ్చట ఈమెకు ఎట్ల చెప్పాలె? అందుకే దీని మొహం చూడలేకపోతున్న."

చంద్రిక కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ మాటలు మెల్లగా, ఒక్కటీ వదలకుండా చెప్పింది. ఎంతసేపు చెప్పిందో. చివరికి శ్రియాని మంచం దిగి బాలమ్మ ముందు నేల మీద కూర్చుంది. కౌగిలించుకోలేదు, కాళ్ల మీద పడలేదు. బాలమ్మ కుడిచెయ్యి పట్టుకుని, ఆ రోజు ఆ చెయ్యి తాకిన చోట, తన ఛాతీ మీద పెట్టుకుంది. అలా కూర్చుని ఇద్దరూ ఏడ్చారు. ఇన్ని నెలల తర్వాత ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి ఏడ్చింది అప్పుడే. మేమిద్దరం లేచి వాకిలి దాటి నిలబడ్డాం.

పూచీకత్తు సంగతి తర్వాత అడిగాను. మా కానిస్టేబుల్ ఊళ్లో మగవాళ్లందరినీ అడిగాడు గానీ బాలమ్మను అడగలేదు. నాకూ తట్టలేదు. వేలిముద్ర వేసే ముసలామె ఏం పూచీ పడుతుందిలే అని మా అందరి లెక్క. కానీ భూమి పట్టా ఆమె పేరు మీదే ఉంది, ఇల్లు ఆమెదే.

"ఆమె ఇక్కడ ఉంటే జవాబుదారీ నాదే అని రాసిస్తవా అవ్వా?" అని అడిగాను.

"నాది గాకుంటె ఎవరిది?" అంది బాలమ్మ. తర్వాత, "ముందుగాల దాన్ని అడుగు బిడ్డా. ఉంటదో, తల్లిగారి దేశం పోతదో. నా కోసమని ఉండొద్దు" అంది.

నేను మూడేళ్లలో ఆమెను నేరుగా అడగని ప్రశ్న అది. చంద్రిక అడిగింది. శ్రియాని, తల్లి పోయిందని, అన్న ఉన్నాడు గానీ పదేళ్లుగా మాటలు లేవని, అక్కడా తనకోసం ఎదురుచూసేవాళ్లు లేరని చెప్పింది. ఇక్కడ తన పిల్ల ఉంది, ఆయన మట్టి ఉంది. ఉంటాను. కానీ ఊరికే నోరు మూసుకుని ఉండలేను, అది మాత్రం ఇక నా వల్ల కాదు అంది.

సోమవారం సొరుగులోంచి ఎగ్జిట్ పర్మిట్ ఫారం తీసి, శ్రియాని ముందు చదివి, అదేంటో ఫోన్లో చంద్రిక చేత చెప్పించి, రద్దు చేశాను. బాలమ్మ పూచీకత్తు, పట్టా నకలు, పాప జనన ధ్రువీకరణ పత్రం, అన్నీ కలిపి పైకి రాశాం. గడువు దాటకముందే రాశాం కాబట్టి జవాబు వచ్చేదాకా అది ఓవర్‌స్టే కిందికి రాదు. సారు రెండు పేరాల నోట్ సొంతంగా రాశాడు. జవాబు వచ్చేదాకా చాలా నెలలు పట్టింది. అన్నాళ్లూ ఆమె నెలకోసారి నా దగ్గరికి వచ్చి, ఏమైంది అని కళ్లతో అడిగేది, నేను ఇంకా రాలేదని తల అడ్డంగా ఊపేదాన్ని. చివరికి ఎక్స్‌టెన్షన్ మంజూరయింది. ఆ రోజు బాలమ్మ కూడా వచ్చింది. నేను ప్రతి పేజీ వేలు పెట్టి చూపించి ఏం రాసుందో చెప్పాను. శ్రియాని అంతా విన్నాకే సంతకం చేసింది. పెన్సిల్ గుర్తు పెట్టబోతే నా చెయ్యి పట్టుకుని, "వద్దు మేడం, నాకు తెలుసు" అంది.

ఇంతటితో అంతా బాగైపోయిందని చెప్పలేను. చంద్రిక భర్త కాంట్రాక్టు మరుసటి ఏడాది అయిపోయింది, వాళ్లు వెళ్లిపోయారు. వెళ్లేముందు చంద్రిక శ్రియానిని చూసి వచ్చింది. బస్సెక్కుతూ నాతో, ఆ పిల్లను మీ చేతుల్లో పెడుతున్నాను అంది. నా చేతుల్లో ఏముంది? నాకు సింహళంలో అక్క తప్ప రాదు. చంద్రిక వెళ్లిన తర్వాతి నెల శ్రియాని వచ్చి నా ఎదురుగా కుర్చీలో గంటసేపు ఊరికే కూర్చుంది. కాగితం పనేమీ లేదు. నేను నా పని చేసుకున్నాను. మధ్యలో టీ తెప్పిస్తే తాగింది. లేచి వెళ్లిపోయింది. అలా ఇంకా రెండు మూడుసార్లు వచ్చింది. అంతకంటే నేనేమీ చేయలేకపోయాను.

ఆ ఏడాదే నారాయణపేట కొత్త జిల్లా అయింది. కోస్గి అటు పోయింది, ఆమె ఫైలూ అటు పోయింది. నేనే దారంతో కట్టి పంపాను. చివరిసారి కలిసింది కోస్గి బస్టాండులో, వేరే పని మీద వెళ్లినప్పుడు. బాలమ్మ, మనవరాలు ఉన్నారు. శ్రియాని ఇంట్లో జాకెట్లు కుడుతోందట. మీ కోడలు ఎట్లుందని అడిగితే బాలమ్మ, "మంచిగనే ఉంది. ఒక్కొక్క దినం పొద్దంత మాట్లాడది. నేను కదిలియ్య. పక్కన కూసుంట" అంది. నందిని చెయ్యి చూపిస్తూ, "ఇది తల్లితోటి ఆ భాషనే మాట్లాడుతది ఇప్పుడు. వాళ్లిద్దరికే తెలుస్తది. నాకే తెల్వదు" అంది. ఆ మాట అంటున్నప్పుడు బాలమ్మ మొహంలో నిష్ఠూరం లేదు. ఆ భాష ఇంట్లో వినబడుతోందన్న తృప్తే ఉంది.

ఇప్పుడు నేను నల్లగొండలో పనిచేస్తున్నాను, మా ఊరికి దగ్గరగా. దరఖాస్తులన్నీ ఆన్‌లైన్ అయ్యాయి. అయినా ఏదో తప్పు పడి, కాగితాలు పట్టుకుని నా దాకా వచ్చేవాళ్లు ఉంటారు. పేరు, పాస్‌పోర్టు నంబరు, చిరునామా అన్నీ సరిచూస్తాను. అంతా అయ్యాక ఫైలు మూయకుండా, మీ భాషలో మీతో మాట్లాడేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని అడుగుతాను. ఆ ప్రశ్న ఏ ఫారంలోనూ లేదు, దాని జవాబు నేను ఎక్కడా రాయను. కొందరు ఉన్నారని చెప్పి లేచిపోతారు. కొందరు మాత్రం జవాబు చెప్పకుండా కుర్చీలోనే ఉండిపోతారు. వాళ్లకోసం టీ తెప్పిస్తాను.